ఆడసింహాల గోల్‌కీపర్

లింబాయత్, సూరత్
4 నవంబరు 2024

సింధూజా,

నువ్వు గోవాలో దిగావని మీ అవ్వకు ఫోన్ వచ్చింది. అరగంట మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆమె పెదవుల మీద నాకు దొరికినవి మూడే మాటలు: చేరింది, తిన్నది, మంచిగున్నది. చెవులు పోయినవాడికి ఇంట్లో అందరూ వార్తల ముఖ్యాంశాలే చదువుతారు, వివరాలు ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. మున్సిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు అప్పుడే ఆవిరైపోయి ఉండవు. మీ అన్న చిరంజీవి ఫోన్‌కు నువ్వు పంపే ఇంగ్లీషు అక్షరాల తెలుగును నాకు చూపించవద్దని వాడికి చెప్పాను.

నువ్వు రైలెక్కిన మరుసటి ఆదివారమే మన తెలుగు సంఘం వాళ్లు సన్మానం పెట్టారు. నువ్వు లేవు కాబట్టి నాకు పెట్టారు. సంఘం అధ్యక్షుడు రఘుపతిని నువ్వు మరిచిపోయి ఉండవు. నువ్వు కాలేజీ జట్టులో చేరిన ఏడాది మన గుమ్మంలో నిలబడి, "ఆడిపిల్ల లాగు ఏసుకొని గ్రౌండ్ల దుంకుతుంటే కులపోళ్ల ముంగట మేం తలకాయ ఎట్ల ఎత్తాలె ముత్యం" అన్న మనిషే. అప్పటికి నా కుడిచెవి ఇంకా కొంచెం పనిచేస్తుండేది, అందుకే ఆ మాటను తప్పించుకోలేకపోయాను. ఇప్పుడు అదే మనిషి నా మెడలో దండ వేసి మైకు పట్టుకున్నాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. పక్కనున్న బుచ్చిరాములు మధ్యమధ్య నా చేతిని గిల్లి, ఎప్పుడు నవ్వాలో ఎప్పుడు దండం పెట్టాలో చెబుతూ వచ్చాడు. వెనకాల ఫ్లెక్సీ మీద రఘుపతి ఫొటో తలుపంత ఉంది. నీది కిటికీ అంత. దాని కింద "అంతర్జాతీయ క్రీడాకారిణి" అని రాయించారు. మా పిల్ల ఇంకా పక్కనున్న వల్సాడ్ దాటి ఆడలేదు అన్నాను. నేను మెల్లగా అన్నాననే అనుకున్నాను. సభంతా నా వైపు తిరిగింది.

ఇక నీ ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి. సీ లయనెస్ అంటే సముద్రపు ఆడసింహం అని చిరంజీవి చెప్పాడు. సింహానికి సముద్రంలో ఏం పని? నువ్వు బి.కాం. పాసైనదానివి. రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల శేఠ్ దగ్గర లెక్కలు రాసే ఉద్యోగం కాళ్ల దగ్గరకు వచ్చింది. దాన్ని కాదని బంతి పట్టే ఉద్యోగానికి వెళ్లావు. వెళ్లు. నేను ఆపలేదు. కానీ అది ఉద్యోగమని నన్ను నమ్మమనకు. ఇంత వయసులో నేను చూసిన ప్రతి ఉద్యోగంలోనూ మనిషి చేతికి ఏదో ఒకటి తయారయ్యేది.

తిండి సరిగా తిను. చేపలు తాజావైతేనే తిను.

పెదవులు చదివీ చదివీ విసిగిపోయిన
నీ బాపు, ముత్యం


మడ్‌గావ్, గోవా
20 నవంబరు 2024

బాపూ,

నీ ఉత్తరం చదివి హాస్టల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. థోయ్‌థోయ్ వచ్చి ఏమైందని అడిగింది. సభంతా నీ వైపు తిరిగిన సంగతి హిందీలో చెప్పాను, తనూ నవ్వింది. మణిపూర్ అమ్మాయి. మా జట్టు మొదటి గోల్‌కీపర్. మొత్తం ముగ్గురం ఉన్నాం, నేను రెండో దాన్ని. ఆమెకు ఏమైనా అయితే తప్ప నాకు ఆట లేదు. ఇలాంటి ఉద్యోగం నువ్వు నిజంగానే ఎక్కడా చూసి ఉండవు.

సముద్రంలో సింహం ఉంది బాపూ. సీ లయన్ అని ఒక జంతువు. నల్లగా, నున్నగా ఉంటుంది. సర్కస్‌లో బంతిని ముక్కు మీద నిలబెట్టి, చేపముక్క వేస్తే చప్పట్లు కొడుతుంది. పేరు పెట్టేముందు ఓనర్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. తెలిసిన మాకేమో చెప్పే ధైర్యం లేదు.

ఓనర్ అపార్ట్‌మెంట్లు కడతాడు. ఆయన వెంట ఎప్పుడూ ఒక అంకెల శాస్త్రి తిరుగుతుంటాడు. క్లబ్బు పేరు కూడితే ఎనిమిది వస్తోందని చివర్లో ఇంకో ఎస్ తగిలించారు. నేను చొక్కా మీద ఒకటో నంబరు కాకపోయినా ఇరవై ఒకటైనా ఇస్తారనుకున్నాను. నా పుట్టినరోజు చూసి నలభై నాలుగు ఇచ్చారు. ఫొటోలు తీసేరోజు అందరినీ గోళ్లు చూపించి గర్జించమన్నారు. నా చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, గోళ్లెక్కడ చూపించను? ఫొటోగ్రాఫర్ నన్ను వెనక వరుసలోకి పంపాడు.

కోచ్ ఫెలిక్స్ సర్ మమ్మల్ని 'బాయ్స్' అని పిలుస్తాడు. ఆయనకు తెలిసిన మాట ఒక్కటే, ప్రాసెస్. ఓడితే ప్రాసెస్, గెలిస్తే ప్రాసెస్, పప్పులో ఉప్పు లేకపోయినా ప్రాసెస్. ఫిజియో ఓనర్ మరదలి కొడుకు. నిన్నమొన్నటి వరకు జిమ్ నడిపేవాడట. మోకాలికి దెబ్బ తగిలినా మెడ పట్టేసినా ఆయన దగ్గర ఉన్నది ఒకే స్ప్రే. డాక్టర్ ఎప్పుడొస్తాడని అడిగితే, సీజన్ మొదలయ్యాక అన్నారు.

ఇంత రాసి ఒక్క మాట రాయకపోతే అబద్ధమాడినట్టవుతుంది. ఇక్కడి గ్రౌండ్లో నిజమైన గడ్డి ఉంది. మన కాలేజీ గ్రౌండ్లో దూకితే మోచేయి లేచిపోయేది కదా. ఇక్కడ మొదటిరోజు పొద్దున కుడివైపు గాల్లోకి లేచి బంతి పట్టి పడ్డాను. ఏమీ నొప్పి పుట్టలేదు. ఎవరూ చూడకుండా ఇంకో రెండుసార్లు ఊరికే దూకాను. చేతికి ఏమీ తయారు కాదన్నావు కదా. సరే, కాదు.

మొదటి మ్యాచ్ డిసెంబరు ఎనిమిదిన. యూట్యూబులో వస్తుంది. చిరంజీవన్న హజీరా ఫ్యాక్టరీ డ్యూటీకి పోని రోజే, ఆదివారం. చూస్తావా?

గోళ్లు లేని
సింధు


లింబాయత్, సూరత్
13 డిసెంబరు 2024

సింధూజా,

చూశాను. నేను ఒక్కడినే చూస్తే బాగుండేది. చిరంజీవి ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టేసరికి గల్లీ సగం మన ఇంట్లో ఉంది. రఘుపతి కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. మీ అవ్వ అందరికీ చాయ్ పెట్టింది.

నలభై నాలుగో నంబరు కోసం వెతికాం. గోలు దగ్గర లేదు. చివరికి నువ్వు ఆట మధ్యలో నీళ్ల సీసాల బుట్ట మోసుకుంటూ పరుగెత్తుకొచ్చావు. అందరికీ ఇచ్చావు. ఖాళీ సీసాలు ఏరుకున్నావు. వెళ్లావు. రఘుపతి నా వైపు తిరిగి మెల్లగా ఏదో అన్నాడు. నాకు అందకూడదని మెల్లగా అన్నాడు పాపం, నేను చదివేది పెదవులని మరిచిపోయి. "గీ పనికి ఫ్లెక్సీ ఎందుకు కట్టినమయ్యా" అన్నాడు. బుచ్చిరాములు వేరే వైపు చూశాడు. చాయ్ తాగి ఒకరి తర్వాత ఒకరు లేచిపోయారు.

నీళ్లు అందించడం తప్పు పని అని నేను అనను. మా మరమగ్గాల కార్ఖానాలో సాంచెల మధ్య కారీగర్లకు నీళ్లు పోసే ముసలాయన ఉన్నాడు. ఆయన బి.కాం. చదవలేదు, అంతే తేడా.

నువ్వు ఎందుకు ఆడలేదని మీ అవ్వను అడిగాను. 'అదే వద్దన్నది' అన్నట్టు కనిపించింది ఆమె మాట. మళ్లీ అడిగితే కొంగుతో నోరు తుడుచుకుంది, అక్కడ నాకు మాట తెగిపోయింది. నువ్వే వద్దన్నావా? అంతమంది ముందు నిలబడేసరికి భయపడ్డావా? భయపడితే చెప్పు, అందులో దాచేదేముంది. శేఠ్ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ ఎదురుగా ఎవరూ బంతితో కొట్టరు.

కోసాడ్‌లో మీ చిన్నమ్మ లత ఇల్లు మారింది, నాలుగో అంతస్తుకు. లిఫ్టు లేదు.

కుర్చీలు లోపల పెట్టిన
ముత్యం


మడ్‌గావ్
5 జనవరి 2025

బాపూ,

భయపడ్డానా అని అడిగావు. నీ ఉత్తరం అందిన రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను. రాసిందంతా తిట్లే అయింది, చించేశాను. అవ్వ అన్నది 'అదే వద్దన్నది' కాదు. 'అదే ఉద్దండురాలు' అన్నది. థోయ్‌థోయ్ గురించి. ఆమె ఉండగా నాకు చోటు ఎక్కడిది అని చెబితే, అవ్వ నీకు చెప్పిన తీరు అది. నువ్వు సగం చదివి మిగతా సగం నా మీద రాశావు.

ఇప్పుడు విను. క్రిస్మస్‌కు ముందు ప్రాక్టీసులో థోయ్‌థోయ్ వేలు విరిగింది. మరుసటి మ్యాచ్ నేను ఆడాను. మీరెవరూ చూడలేదని అన్న చెప్పాడు. చూడకపోతే పోయారు. ఒకటి సున్నాతో గెలిచాం. చివర్లో వాళ్లకు పెనాల్టీ వచ్చింది. తన్నే అమ్మాయి రెండుసార్లు నా ఎడమవైపు చూసింది, నేను కుడివైపు దూకాను. బంతి రెండు అరచేతులకూ తగిలి బయటికి పోయింది. ఫెలిక్స్ సర్ మొదటిసారి ప్రాసెస్ అనకుండా నా పేరు పిలిచాడు. ఓనర్ వచ్చి నలభై నాలుగు మహిమ అన్నాడు.

నిన్న రెండో మ్యాచ్. కార్నర్ బంతికి పైకి లేచాను. వాళ్ల అమ్మాయి మోకాలు చెవి మీద తగిలింది. కళ్లు తెరిచేసరికి ఫిజియో స్ప్రే పట్టుకుని నిలబడ్డాడు. తల మీద స్ప్రే కొడితే ఏం లాభమో ఆయనకే తెలియాలి. "ఓకే?" అని అడిగాడు. బయటికి పోతే మూడో గోల్‌కీపర్ వస్తుంది, నేను మళ్లీ సీసాల బుట్ట దగ్గరికి పోతాను. ఓకే అన్నాను. మొత్తం ఆడాను. డ్రా అయింది.

నిన్నటి నుంచి తలలో మన సాంచె ఆడుతున్నట్టు చప్పుడు. ఆగకుండా, ఒకటే తీరుగా. రెండు రోజుల్లో పోతుందట, ఫిజియో చెప్పాడు. అవ్వకు చెప్పకు, ఊరికే ఏడుస్తుంది. వచ్చే ఆదివారం ఇంకో మ్యాచ్ ఉంది. నేనే ఆడుతున్నాను. ఈసారి కుర్చీలు వేయించి రఘుపతిని కూర్చోబెట్టు. భయపడలేదని ఆయనకూ చెప్పు, నువ్వూ రాసుకో.

నలభై నాలుగు


మడ్‌గావ్
17 జనవరి 2025

బాపూ,

నువ్వు ఇల్లు చేరావని అన్న చెప్పాడు. ఆ ఒక్కటీ తెలుసుకోవడానికే ఫోన్ చేశాను.

నువ్వు ఏం చేసి వెళ్లావో నీకు తెలుసా? నువ్వు వినలేదు కాబట్టి నేనే చెబుతాను. కవరు మీది అడ్రసు పట్టుకుని ఎవరికీ చెప్పకుండా మంగళవారం క్లబ్బు ఆఫీసుకు వచ్చావు. నేను గ్రౌండ్లో ఉన్నాను. మేనేజర్‌తో, ఫిజియోతో హిందీలో మాట్లాడావు. మాట్లాడటం కాదు, భవనమంతా వినబడింది. వాళ్లు కూర్చోమన్నారట, నీళ్లు ఇచ్చారట. నువ్వు బల్ల మీది ఇత్తడి పేపర్‌వెయిట్ తీసుకుని ఇనుప బీరువాను కొట్టడం మొదలుపెట్టావు. ఆగకుండా. మేనేజర్ చెవులు మూసుకున్నాడట. ఫిజియో బయటికి పరుగెత్తబోతే తలుపుకు అడ్డం నిలబడి మరీ కొట్టావట. "బంద్ కరో. అబ్ బంద్ కర్‌కే దిఖావ్" అని, ఇప్పుడు ఆపి చూపించమని అరిచావట. గేటు దగ్గరి ఇద్దరు వచ్చి నిన్ను రెక్కలు పట్టి తీసుకొస్తుంటే అప్పుడు నేను చూశాను.

జట్టు జట్టంతా చూస్తోంది. నీ చెప్పు ఒకటి ఊడిపోయింది. నువ్వు నన్ను చూశావు. నేను "పో బాపు" అన్నాను. పెదవులతోనే అన్నాను, నువ్వు చదివావు. పోయావు.

మా ఫొటోలు తీసే అబ్బాయి అదంతా ఫోన్లో తీసి, నువ్వు కొట్టే చప్పుడుకు డోలు కలిపి నెట్లో పెట్టాడు. లింబాయత్‌కు కూడా చేరింది. రఘుపతి గ్రూపులో పంపాడట, కింద నవ్వే బొమ్మలు పెట్టి. గురువారం మేనేజర్ నన్ను పిలిచి, కుటుంబ సభ్యుల ప్రవర్తన క్లబ్బు పరువుకు భంగమని చెప్పి నా ఒప్పందం రద్దు చేశాడు. ఫిబ్రవరి చివరిదాకా హాస్టల్లో ఉండమన్నారు, దయ.

మొన్న ఆదివారం మ్యాచ్‌లో రెండు గోల్స్ ఇచ్చాను, నిజమే. అయినా నా చోటు నాకుంది. నీళ్ల సీసాలు మోస్తే నవ్వావు. ఆడకపోతే భయపడ్డావా అన్నావు. ఆడితే వచ్చి ఆపావు. నీకు నేను ఏం చేస్తే నచ్చేది? శేఠ్ దగ్గర లెక్కలు రాస్తే. అందుకేగా వచ్చింది. గెలిచావు.

నాకు ఇక ఉత్తరాలు రాయకు. అవ్వ చెప్పే మూడు మాటలు చాలు నీకు.

సింధూజ


లింబాయత్, సూరత్
27 జనవరి 2025

సింధూజా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా చించే హక్కు నీది.

ముందు చిన్న సంగతులు. చెప్పు మడ్‌గావ్ స్టేషన్ బయట కొత్తది కొన్నాను, ఆ ఊర్లో చెప్పులు కూడా వెండివే అన్నట్టు ధర చెప్పారు. రఘుపతి పెట్టిన వీడియో చూశాను. డోలు సంగతి నాకు తెలియదు, వినబడలేదు కదా. నా చొక్కా వెనక చిరుగు ఉందని మాత్రం అప్పుడే తెలిసింది. మీ అవ్వ ఆ రోజు నుంచి నాతో పెదవులు కదపడం లేదు. చేత్తో సైగ చేస్తుంది: తిను, జరుగు.

మీ క్లబ్బు ఆఫీసు గురించి. అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడ మీద మీరంతా గోళ్లు చూపిస్తున్న ఫొటో. మేనేజర్ నాకు మంచి కుర్చీ వేశాడు. మా పిల్ల తలకు దెబ్బ తగిలింది, డాక్టర్‌కు చూపించండి అన్నాను. ఆయన నవ్వుతూ చాలాసేపు మాట్లాడాడు. నాకు చెవులు లేవని చెప్పినా మాట్లాడుతూనే ఉన్నాడు, చదువుకున్నవాళ్ల అలవాటు. ఆ స్ప్రే కుర్రవాడు కాగితం మీద రాసి చూపించాడు: టూ డేస్, నార్మల్. ఆ కాగితం చదివాకే నేను పేపర్‌వెయిట్ తీశాను.

ఎందుకో చెబుతాను. ఇది మీ అవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె కూడా మరిచిపోయి ఉంటుంది.

నువ్వు పుట్టిన ఏడాది నేను ఉధ్నా దగ్గర కొత్త కార్ఖానాలో చేరాను. రేకుల షెడ్డు, సాంచెలన్నీ ఒకదాని ఒళ్లో ఒకటి పెట్టినట్టుండేవి. ఒక సాయంత్రం పగటి పాళీ దిగి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే చప్పుడు ఆగలేదు. సాంచె నా వెంట ఇంటికొచ్చింది. కార్ఖానా శేఠ్‌కు చెబితే, "దో దిన్ మే చలా జాయేగా, కాన్ మే రూయీ డాల్" అన్నాడు. దూది పెట్టుకున్నాను. రెండు రోజుల్లో పోతుందని నేనూ నమ్మాను. నాకు పాళీ కావాలి, చిరంజీవికి అప్పుడే జ్వరాలు. పనికి పోయాను.

చెవులు పోయినవాడికి అంతా నిశ్శబ్దంగా ఉంటుందని లోకం అనుకుంటుంది. బుచ్చిరాములు కూడా, "నీదే నయం ముత్యం, ఎవడేమన్నా ఇనవడది" అంటాడు. నాకు నీ గొంతు వినబడదు. మీ అవ్వ గొంతు ఎట్లా ఉంటుందో తలుచుకుంటే దొరకదు. ఆ సాంచె మాత్రం వినబడుతుంది. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తుంటే ఆడుతోంది. నేను పడుకున్నా దానికి పాళీ మారదు.

నీ ఉత్తరంలో పెనాల్టీ సంగతి చదివి మురిసిపోతున్నాను. ఆ కింద సాంచె అని ఉంది. రెండు రోజుల్లో పోతుందట అని ఉంది. కింద పడ్డ బట్టను ఏరుకున్నట్టు ఆ మాట అంత తేలికగా రాశావు. నేను చిరంజీవికి కూడా చెప్పకుండా స్టేషన్‌కు పోయాను. చెబితే వాడు ఫోన్ చేద్దాం అంటాడు. ఫోన్లో నేనేం చేయగలను?

బీరువా ఎందుకు కొట్టానంటే, ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో వాళ్లకు చెప్పడానికి నాకు హిందీలో మాట లేదు. తెలుగులోనూ లేదు. ఆ మేనేజర్ చెవులు మూసుకున్నాడన్నావు కదా. నువ్వు మూసుకుంటే ఆగుతుందా, చెప్పు.

చీరల శేఠ్ ఉద్యోగంలోకి మూడు వారాల కిందటే ఎవరో చేరారు. నేను గెలవడానికి అక్కడ ఏమీ లేదు.

భయపడ్డావా అని రాసిన చెయ్యి నాదే. నువ్వు ఓకే అన్నప్పుడు నీ వెనక ఆ మాట ఉందని రైల్లో అర్థమైంది. దాని గురించి ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

డాక్టర్‌కు చూపించుకో. నా మీద కోపం చూపించుకున్నాక చూపించుకో. కానీ చూపించుకో.

ముత్యం


మడ్‌గావ్
24 ఫిబ్రవరి 2025

బాపూ,

నీ ఉత్తరం మొదట చదవలేదు. దిండు కింద పెట్టాను. థోయ్‌థోయ్ దాన్ని చూసి, వాళ్ల నాన్న చనిపోయాక ఇంట్లో ఆయన చేతిరాత ఉన్న కాగితం ఒక్కటీ దొరకలేదని మాత్రం అని, స్నానానికి వెళ్లింది. అప్పుడు తీసి చదివాను.

మరునాడే పెద్దాసుపత్రికి పోయాను. థోయ్‌థోయ్ వెంట వచ్చింది, క్లబ్బుకు చెప్పకుండా. డాక్టరమ్మ తన వేలు కదుపుతూ దాని వెంటే చూడమంది, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. నిలబడలేకపోయాను. పెనాల్టీ ఆపిన మనిషిని. ఆ ఆదివారం మ్యాచ్‌లో బంతులు రెండు కనిపించాయని అప్పుడు ఒప్పుకున్నాను. నీకు రాసిన ఉత్తరంలో ఆ సంగతి దాచాను. ఆ రెండు గోల్స్ పడింది అందుకే, అక్కడ లేని బంతి మీదికి దూకాను. మెదడు కదిలిపోయిందని, అది కుదుటపడకముందే మళ్లీ ఆడినందుకు ఇంత కాలం పడుతోందని ఆమె చెప్పింది. ఈ ఏడాది గ్రౌండ్ మొహం చూడొద్దంది. ఆ తర్వాత కూడా గోల్‌కీపర్‌గా ఆడటం తనకైతే ఇష్టం లేదంది. ఇంకో మోకాలు తగిలితే ఏమవుతుందని అడిగాను. "నువ్వు అడగకుండా ఉండాల్సిన ప్రశ్న అది" అంది.

అసలు కథ తర్వాత ఉంది. నీ వీడియో కింద మొదట్లో అందరూ నవ్వారు కదా. మెల్లగా ఎవరో నువ్వు ఎందుకు అరుస్తున్నావని అడిగారు. ఇంకెవరో నా పేరు, ఆ మ్యాచ్‌లో నేను పడిపోయిన దృశ్యం వెతికి పెట్టారు. తిట్లు ఓనర్ వైపు తిరిగాయి. దాంతో పోయిన వారం ఆయనే నన్ను పిలిపించాడు. అంకెల శాస్త్రి, మేనేజర్, ఫిజియో అందరూ ఉన్నారు. ఇనుప బీరువా లేదు, బయటికి జరిపినట్టున్నారు.

ఓనర్ నన్ను 'బేటీ' అన్నాడు. తప్పంతా నలభై నాలుగుదట. వచ్చే సీజన్‌కు ఒప్పందం ఇస్తాడట, మొదటి గోల్‌కీపర్‌గా, ఒకటో నంబరుతో. సంతకం చేయాల్సిన కాగితం ముందు పెట్టారు. ఇంకో చిన్న కాగితం కూడా పెట్టారు. నొప్పి సంగతి నేనే ఫిజియోకు చెప్పకుండా దాచానని, క్లబ్బు నన్ను బాగా చూసుకుందని. తర్వాత నిన్ను పిలిపించి, నువ్వూ ఆయనా చేతులు కలిపిన ఫొటో తీస్తారట. గోళ్ల సంగతి అడగలేదు.

బాపూ, ఆ ఒకటో నంబరు నాకు కావాలి. నీకు అబద్ధం రాయను. కాలేజీలో మొదటిసారి గ్లవ్స్ వేసుకున్న రోజు నుంచి నాకు కావలసింది ఆ కాగితం మీద ఉంది. డాక్టరమ్మ మాట పక్కన పెడదామా అని కూడా అనుకున్నాను. చాలాసేపు ఆ కాగితం వైపే చూశాను. వాళ్లకు చాయ్ వచ్చింది, తాగారు.

తర్వాత చిన్న కాగితం వెనక్కి జరిపాను. "నేను దాచలేదు. మీరు అడగలేదు" అన్నాను.

ఆట అన్నాక దెబ్బలు తగులుతాయి, మనం మంచి వైపే చూడాలి అన్నాడు ఓనర్. నేను ఫిజియో వైపు తిరిగి, కార్నర్ దగ్గర ఎంతసేపు కళ్లు తెరవలేదో నాకు తెలియదు, నీకు తెలుసు, చెప్పు అన్నాను. అతను తన బూట్ల వైపు చూశాడు. ఒక్క నిమిషం పాపమనిపించింది. పెద్ద కాగితం కూడా వెనక్కి జరిపి, నేను ఇక ఆడటం లేదు అని చెప్పి లేచాను. నువ్వు ఆపినప్పుడు వచ్చిన కోపం ఇంకా ఉంది, పోలేదు. నేను ఆట మానింది నువ్వు ఆపావని కాదు. ఇది మాత్రం నేను చెప్పిన మాట.

గుమ్మం దాటుతుంటే అంకెల శాస్త్రి నా పుట్టిన తేదీ మళ్లీ కూడుతున్నాడు. వచ్చే ఏడాది ఈ ఆడసింహాలను మూసేసి ఓనర్ పికిల్‌బాల్ జట్టు కొంటాడని హాస్టల్లో అనుకుంటున్నారు. అమ్మాయిల్లో సగంమంది నా వల్లే అంటున్నారు. నాతో మాట్లాడటం మానేశారు. థోయ్‌థోయ్ నా తరఫున ఏమీ మాట్లాడలేదు, ఆమె జీతం మీద ఇంట్లో అందరూ బతకాలి. నేను మాట్లాడమని అడగలేదు కూడా.

శుక్రవారం రైలుకు వస్తున్నాను. వచ్చాక ఏం చేస్తావని వారం రోజులు అడగకు. రఘుపతిని అసలు అడగనివ్వకు. నాకు మన సూరత్ లోచో వేడివేడిగా తినాలనుంది, ఆ తర్వాత చూద్దాం.

ఇంకొకటి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులుగా చూస్తున్నాను. మొన్న శనివారం పొద్దున లేచేసరికి గదిలో ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఫ్యాన్ ఆగిందేమోనని పైకి చూశాను. తిరుగుతోంది. కింద చేపలమ్మే ఆమె అరుపు, కుళాయి నీళ్లు, థోయ్‌థోయ్ గురక, అన్నీ విడివిడిగా వినబడ్డాయి. మంచం మీదే కూర్చుని సాయంత్రం దాకా ఎదురుచూశాను, మళ్లీ వస్తుందేమోనని. రాలేదు. ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తే మొదట నువ్వే గుర్తొచ్చావు. తర్వాత చెప్పబుద్ధి కాలేదు.

నాది ఆగిపోయింది బాపు.

సింధు